ఎక్స్ గొట్టం మీది ముడుపు

నేను పిరికివాణ్ని. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది రాయడం తేలిక. తాడును చూసి పామనుకునే రకమంటారు చూడండి, నేను తాడు కూడా లేనిచోట పాముందేమోనని చూసి నడిచే రకం. రోడ్డు దాటాలంటే ఇంకెవరైనా కదిలేదాకా ఆగుతాను. గాంధీపురం బస్టాండులో బస్సు పూర్తిగా నిలిస్తేగాని ఎక్కను. ఈలోగా సీట్లన్నీ నిండిపోతే ఇంటిదాకా నిలబడే వస్తాను. అలాంటివాడికి రేసు ట్రాకు మీద కారు తోలే కూతురు పుట్టింది.

మాది సింగానల్లూరు. ఇంటి వెనకాలే సైలెన్సర్ల షెడ్డు. దాన్ని మేం పట్టర అంటాం. మా నాయన అక్కడ లారీలకు పొగగొట్టాలు వంచి అతికేవాడు. నేను వ్యాన్లకూ కార్లకూ అతుకుతాను. ఎన్ని తరాల కిందటో ఆంధ్రం వదిలి వచ్చిన కుటుంబం మాది. ఇంట్లో తెలుగు, వాకిట్లో తమిళం, పట్టరలో రెండూ కలిపిన ఇంగ్లీషు. కూతురు ఇంజనీరింగు చదివి, పంపులు చేసే ఒక కంపెనీలో పనిచేస్తోంది. ఆదివారమైతే ఊరి బయటి ట్రాకుకు పోతుంది. చిన్న కార్లు తోలినన్నాళ్లూ ఎలాగో గుండె దిటవు చేసుకున్నాను. చిన్న కారు, చిన్న ఇంజను, ఏం కాదులే అని నాకు నేనే చెప్పుకునేవాణ్ని.

అప్పుడు ఎర్ర బండి వచ్చింది. తిరుప్పూరులో బనియన్ల వ్యాపారం చేసే మా బావమరిది ముచ్చటపడి కొనుక్కున్న ఎనిమిది సిలిండర్ల విదేశీ కారు. కొన్నాక ఒక్కసారి తోలాడు. తిరిగివచ్చి, చెమట తుడుచుకుని, బండి మీద గుడ్డ కప్పేశాడు. ఆ మనిషి మీద నాకు అంత గౌరవం అంతకుముందెప్పుడూ కలగలేదు. కప్పిన గుడ్డ కప్పినట్టే ఉంచితే ఎంత బాగుండేది! మేనకోడలు అడిగిందని తాళాలు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"తోలేవాళ్ల చేతిలో ఉంటే బండి బాగుంటాది బావా," అన్నాడు నాతో.

బండి బాగుంటుంది, సరే. నేనెలా ఉంటానో అతను అడగలేదు.

మా ఇంట్లో ఏ బండి వచ్చినా ముడుపు కట్టాలి. పసుపు గుడ్డలో ఒక రూపాయి నాణెం, కాస్త బియ్యం, వేపాకు, కర్పూరం వేసి, మూటకు నువ్వుల నూనె పట్టించి, కొబ్బరితాడుతో బండి నడుముకు కట్టడం. ఎద్దుబండి కాలంలో ఇరుసుకు, సరిగ్గా మధ్యలో కట్టేవారట. తరవాత లారీలొచ్చాయి, వ్యాన్లొచ్చాయి, నడుము మాత్రం మారలేదు. బండి ఎవరినీ మింగకుండా ఇంటికి తెచ్చి దింపినన్నాళ్లూ ఆ మూట విప్పకూడదు. ఎర్ర బండి వాకిట్లోకి వచ్చిన రోజు నా భార్య పసుపు గుడ్డ చేత పట్టుకునే ఎదురొచ్చింది.

"అమ్మా, దీనికేమీ కట్టొద్దు," అంది కూతురు. "అడుగంతా వేడి."

నా భార్య మారుమాట్లాడకుండా గుడ్డ మడిచి లోపలికి పోయింది. అంత తొందరగా నోరు మూసుకునే మనిషి కాదు ఆమె. నాకు అప్పుడే అనుమానం రావలసింది. కానీ నా భయాలు నాకుండగా ఇంకొకరి మౌనం గురించి ఆలోచించే తీరిక ఎక్కడిది?

పట్టరలో ఇంజను స్టార్టు చేయగానే గోడకు తగిలించిన స్పానర్లు గలగలమన్నాయి. బండిని లిఫ్టు మీద పైకెత్తి అడుగు చూశాం. ఇంజనుకు రెండు పక్కలా నాలుగేసి సిలిండర్లు. ఒక్కో పక్కనుంచి ఒక్కో పొగగొట్టం వెనక్కి పోతుంది. ఆ రెంటినీ దారిలో ఎక్కడో ఒకచోట కలపాలి. కలపకపోతే రెండు పక్కల పొగకూ వంతు కుదరక ఇంజను ఆయాసపడుతుంది. పాత కలుపుడు గొట్టం తుప్పుపట్టి చిల్లులు పడింది. కొత్తది చేయాలి.

చేయడానికి పద్ధతులు రెండు. రెండు గొట్టాల మధ్య ఒక చిన్న అడ్డగొట్టం పెట్టి అతికితే ఇంగ్లీషు హెచ్ అక్షరంలా ఉంటుంది. అలా కాకుండా రెంటినీ లోపలికి వంచి, ఒకదాని ఒళ్లో ఒకటి కలిపి, మళ్లీ విడదీస్తే ఎక్స్ అవుతుంది. హెచ్ వేస్తే బండి కింది స్పీడులో బాగా లాగుతుంది, ధ్వని బొంగురుగా ఉంటుంది. ఎక్స్ వేస్తే పై స్పీడులో పొగ తేలిగ్గా పోతుంది. ఇంజను ఎంత తిరిగితే అంత హాయిగా తిరుగుతుంది. ఎంత తిరిగితే అంత హాయి అన్న మాటే నాకు గిట్టలేదు.

"హెచ్ చాలును పాపా," అన్నాను. "అతుకులు తక్కువ. గట్టిగా ఉంటాది. మా నాయన కాలము నుంచీ చేస్తా ఉండాము."

"తాత లారీకి చేసె. ఇది లారీనా?"

"సత్తము కూడా బాగుంటాది." సత్తమంటే మాకు శబ్దం.

ఆమె బండి కిందనుంచి ఇవతలికొచ్చి నన్ను ఎగాదిగా చూసింది. "నాయనా, నువ్వు గొట్టము గురించి మాట్లాడతా ఉండావా, నా గురించి మాట్లాడతా ఉండావా?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు "గొట్టము గురించే!" అని అరిచాను. ఆ అరుపుతోనే దొరికిపోయాను. ఎక్స్ వేస్తే బండి ఇంకా పైకి, ఇంకా పైకి పిలుస్తుంది. పిలిస్తే ఈమె పోతుంది. హెచ్ వేస్తే కాస్త ముందే అలిసిపోతుందని నా ఆశ. పొగగొట్టంతో కూతురికి పగ్గం వేయాలని చూసిన తండ్రి లోకంలో నేనొక్కణ్నే అయ్యుంటాను.

"సరి, నీకు అంత బయమైతే హెచ్చే వెయ్యి," అంది.

"నీకు బయము ల్యాదా?"

"బయమా? నాకా?" అని నవ్వింది.

ఈ ప్రశ్న ఆమెను చిన్నప్పటినుంచీ అడుగుతున్నాను. సైకిలెక్కిన నాడు అడిగాను, మోపెడు తీసిన నాడు అడిగాను, మొదటిసారి హెల్మెట్ పెట్టుకుని ట్రాకులోకి పోయిన నాడు అడిగాను. ఎప్పుడూ అదే జవాబు, అదే నవ్వు. భయం లేని మనిషికి ఎక్కడ ఆగాలో ఎవరు చెబుతారు? ఆ మాట పైకి అనలేక హెచ్ గొట్టం కొలతలు తీసుకోవడం మొదలుపెట్టాను.

హెచ్ అతికాక బైపాసు మీదికి పోయాం. పక్క సీట్లో కూర్చోమంది. బెల్టు పెట్టుకున్నాను, పైన పిడి పట్టుకున్నాను, ఇంకా పట్టుకోవడానికి ఏమైనా ఉందా అని వెతికాను. బండి మామూలు స్పీడులోనే పోతోంది, లారీలు కూడా మమ్మల్ని దాటిపోతున్నాయి. అయినా నేను పిడి వదల్లేదు. ఒక స్పీడుకొచ్చేసరికి లోపల మోత మొదలైంది. తల మీద బిందె బోర్లించి పైనుంచి గరిటెతో కొట్టినట్టు ఒకటే మోత. చెవులు దిమ్మెక్కాయి.

"ఏమైనా వినబడతా ఉండాదా నాయనా?" అని అరిచింది.

"ఏమి?"

"అదే! నాకూ ఏమీ వినబడలా!"

బండి పక్కకు తీసి ఆపి, అప్పుడు నెమ్మదిగా చెప్పింది. మలుపులో టైరు పట్టు వదిలే ముందు సన్నగా ఒక సత్తమిస్తుందట. ఆమె ట్రాకు మీద చూపుతో సగం, చెవితో సగం తోలుతుందట. "ఆ సత్తము వినబడితే నేను కాలు తీస్తాను. ఈ మోతలో అది వినబడదు. ఎక్స్ అయితే ఈ మోత ఉండదు. ఇప్పుడు నువ్వే చెప్పు, ఏది వేస్తావు?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. హెచ్ వేస్తే టైరు జారేది తెలియదు. ఎక్స్ వేస్తే బండి రెక్కలు కట్టుకుంటుంది. ఇంటికి రాగానే గ్రైండరు తీసి, నేనే అతికిన హెచ్‌ను నేనే కోసేశాను. కోస్తున్నప్పుడు కళ్లద్దాల లోపల నీళ్లు నిండాయి. నిప్పురవ్వల వల్ల అని కూతురితో అన్నాను.

ఎక్స్‌ను ఎక్కడ పెట్టాలన్నది మా నాయన చూపిన పద్ధతిలోనే తేల్చాను. గొట్టాల పొడుగునా నల్ల పెయింటు గీత గీసి, ఇంజను బాగా వేడెక్కేదాకా నడపాలి. పెయింటు మాడి ఊడిన చోటే వేడి ఎక్కువ. పొగ అక్కడే బలంగా తోస్తుంది, రెంటినీ అక్కడే కలపాలి. పెయింటు నేను అనుకున్నదానికంటే ముందుకు మాడింది. దాంతో ఎక్స్ బండి నడుముదాకా జరిగి, అడుగున ఉండే బోలు గాడిలోకి పైకంటా ఒదిగింది. దాని పైన జానెడు ఎత్తులో ఒక అడ్డపట్టీ, దాని పక్కన గేరు రాడ్డు రబ్బరు తొడుగు, ఆ పక్కగా పెట్రోలు పైపు. పెట్రోలు పైపుకు ఒకటికి రెండు రేకులు అడ్డం కొట్టాను. అతుకులన్నీ సబ్బునీళ్లు పూసి, గాలి కొట్టి, బుడగ రాకుండా చూశాను. నాకు తోచిన ప్రమాదాలన్నీ మూసేశాను. ఆదివారం పొద్దున్నే బండిని ట్రాలీ మీద ట్రాకుకు తీసుకుపోయాం.

బండి ట్రాకు మీదికి పోయింది. ఎక్స్ వేశాక ధ్వని మారిపోయింది. బొంగురు పోయి, సన్నగా, పొడుగ్గా ఒక కూత. అది ఎండలో దూరం పోయి, మలుపు తిరిగి, మళ్లీ నా మీదికొచ్చేది. వచ్చినప్పుడల్లా సిమెంటు గోడను గట్టిగా పట్టుకునేవాణ్ని. చూడవచ్చినవాళ్లంతా భలే ఉందన్నారు. అతికినవాణ్ని నేనే గనక నా భుజం తట్టారు కూడా. నాకు మాత్రం ఆ కూత ఆగిపోతే బాగుండుననీ, ఆగితే ఏమైందోననీ రెండు భయాలూ ఒకేసారి.

అప్పుడు చూశాను. బండి ఎదురుగా పోతుంటే దాని కడుపు కింద తెల్లగా ఒక చార. దుమ్మనుకున్నాను. మలుపు దగ్గర అది చిక్కబడింది. పొగ! కింద నిప్పు కణికలు రాలుతున్నాయి. అద్దాల వెనక కూడా తెల్లగా నిండిపోయి, లోపల ఎర్ర హెల్మెట్ కనిపించడం మానేసింది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. పెట్రోలు పైపు అన్న మాట తప్ప తలలో ఇంకేమీ లేదు. ఆపదు, దీనికి భయం లేదు, ఆ ఒక్క మలుపూ పూర్తిచేసే ఆపుతుంది, అంతదాకా ఉంటుందా అనుకుంటూ గోడ దూకాను. ఆ గోడ నా నడుము ఎత్తుంది. ఎలా దూకానో నాకిప్పటికీ తెలియదు. మంటలార్పే ట్రాకు మనుషుల కంటే ముందు పరిగెత్తానని తరవాత వాళ్లు చెప్పారు. "పాపా, ఆపు! ఆపు పాపా!" అని అరుస్తున్నాననుకున్నాను గాని, గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

బండి అప్పటికే ఆగి ఉంది. మలుపు పూర్తి చేయలేదు. పొగ కనిపించిన చోటే గడ్డి అంచుకు తీసి, ఇంజను ఆపి, తలుపు తోసుకుని బయటపడింది. దగ్గుతోంది. నేను పోయి ఆమె మోచేతులు, మెడ, వేళ్లు తడిమి చూశాను. ఎక్కడా కాలలేదు.

"ఏమీ కాలా నాయనా. ఏమీ కాలా," అంటోంది.

ట్రాకు మనుషులు బండి కింద తెల్లపొడి చల్లారు. గేరు దగ్గరి రబ్బరు తొడుగు సగం కరిగింది, లోపలికి పొగ వచ్చిన దారి అదే. పెట్రోలు పైపు మీది రేకుల్లో పైది నల్లబడింది. కిందది నల్లబడలేదు.

అతుకు వదిలిందా, ఎక్కడ తప్పు చేశానా అని వంగి చూశాను. అతుకులన్నీ చెక్కుచెదరలేదు. ఎక్స్ పైనున్న అడ్డపట్టీకి మాడిన కొబ్బరితాడు వేలాడుతోంది. ఎక్స్ ఒళ్లో నల్లటి పిడికెడు బూడిద, దాని మధ్య ఒక రూపాయి నాణెం.

ఆ నాణేన్ని గుడ్డతో పట్టి తీసి జేబులో వేసుకున్నాను. "అమ్మకు చెప్పొద్దు," అంది కూతురు.

చెప్పకుండా ఉండటానికి నా మొహం ఒప్పుకోవాలి కదా. గడపలో అడుగు పెట్టగానే నా భార్య "ఏమాయె?" అంది. జేబులోని నాణెం తీసి చూపించాను. ఆమె దాన్ని అరచేతిలో పెట్టుకుని గోడకు ఆనుకుంది.

"నేనే కట్టితిని," అంది. "శుక్రవారము మీరిద్దరూ అన్నానికి లేచినప్పుడు పోయి కట్టితిని. మా అత్త కట్టె, వాళ్ల అత్త కట్టె. బండి నడుముకే కట్టాలని చెప్పినారు. నేను ఇంకేడ కట్టేది?" అని, ఒక్కసారిగా నోరు కొట్టుకుంది. "ఐయయ్యో, నా బిడ్డకు నా చేతితోనే నిప్పు పెట్టితిని గదా!"

తిట్టాలని దారంతా మాటలు కూడగట్టుకుని వచ్చాను. కానీ ఎవరిని తిట్టాలి? పొగగొట్టంతో పగ్గం వేయాలని చూసింది నేను, కొబ్బరితాడుతో కట్టాలని చూసింది ఆమె. భయం ఇద్దరిదీ ఒకటే. కూతురే తల్లి పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, "ఇంకొకటి కట్టుమా, పరవాల్యా. ఈసారి నాయనను అడిగి కట్టు," అంది. ఆ మాటకు ఏడుపు ఇంకా పెరిగింది.

మరుసటి వారం గేరు తొడుగు మార్చి, బండిని లిఫ్టు మీద నిలిపాను. నా భార్య కొత్త ముడుపు తెచ్చింది. ఈసారి నూనె లేదు, కర్పూరం లేదు. "ఏడ కట్టాలో మీరే కట్టండి," అని నా చేతిలో పెట్టి, ఆ బండిని ముట్టుకోవడానికి కూడా భయపడి దూరంగా నిలబడింది.

నడుము మాట మరిచిపోయి, బండి కింద ఎక్కడ చల్లగా ఉంటుందో వెతుక్కుంటూ వెనక్కి పోయాను. ఎక్స్ దాటాను, సైలెన్సర్లు దాటాను. వెనక బంపరు లోపల, పొగ తగలని, గాలి ఆడే ఒక మూల ఉంది. అంతకంటే మంచి చోటు ఆ బండిలో లేదు. చెయ్యి పెట్టాను. అక్కడ అప్పటికే ఏదో ఉంది.

టార్చి వేసి చూశాను. చిన్న మూట. వేడి తగలకుండా గొట్టాలకు మేం చుట్టే గాజుపీచు పట్టీ దాని చుట్టూ చుట్టి ఉంది. సందులోంచి పసుపు గుడ్డ కొస కనిపించింది. కట్టింది తాడుతో కాదు, సన్న స్టీలు తీగతో. తీగ మెలిక ఎడమవైపు తిరిగి ఉంది. మా పట్టరలో తీగను ఎడమవైపు మెలిపెట్టేది ఒక్కరే. ఎడమచేతి వాటం కదా, చిన్నప్పటినుంచీ మార్చుకోమని చెబుతున్నా వినలేదు.

"ఏమండి, చోటు దొరికెనా?" అంది నా భార్య దూరం నుంచే.

"దొరికె," అన్నాను. కట్టిన ముడుపు విప్పకూడదు గనక దాన్ని ముట్టుకోలేదు. దాని పక్కనే రెండోది కట్టాను. అప్పుడు ట్రాకు మీది ఆ క్షణం గుర్తొచ్చింది. మలుపు పూర్తి చేయకుండా, పొగ కనిపించిన చోటే ఆపేసిన సంగతి. ఆ తీగ మెలికను ఇంకోసారి చూసి బండి కిందనుంచి ఇవతలికొచ్చాను.

ఆ ఆదివారం నా భార్య కూడా ట్రాకుకు వచ్చింది. గోడ దగ్గర కళ్లు మూసుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. కూతురు సీట్లో కూర్చుంది. నేను కిటికీలోంచి వంగి బెల్టు బిగిస్తున్నాను.

"బయముగా ఉండాదా పాపా?" అన్నాను.

ఎప్పటి నవ్వు కోసం చూశాను. రాలేదు. నా కళ్లలోకి చూసింది. వెనక బంపరు లోపల రెండోది కట్టింది నేనేనని ఆమెకు తెలుసని అప్పుడు నాకర్థమైంది. గోడ దగ్గరున్న తల్లి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"ఉండాది నాయనా. ఎప్పుడూ ఉండాది."

బెల్టు ఇంకొంచెం బిగించాను.

"సరి," అన్నాను. "అయితే పోయి రా."